ఎడమకన్ను మూయలేని ఫోటోగ్రాఫర్

కెమెరాలో కుడికన్ను పెట్టి చూసేవాడికి ఎడమకన్ను మూసుకోవడం ఊపిరి పీల్చుకున్నంత మామూలు. ఇరవై రెండేళ్లుగా కర్నూలులో పెళ్ళిళ్ళ ఫోటోలు తీస్తున్నాను. 'ఇప్పుడు ఎడమకన్ను మూయాలి' అని ఒక్కసారైనా అనుకుని మూసిన గుర్తు లేదు. 2022 ఫిబ్రవరి రెండో వారంలో, తెల్లవారుజాము ముహూర్తంలో, సరిగ్గా జీలకర్రబెల్లం పెట్టే వేళకు ఆ కన్ను మూతపడలేదు.

కుడికంట్లో పెళ్లికూతురు తల, ఎడమకంట్లో మండపం లైట్లు. రెండూ ఒకదానిమీద ఒకటి పడి ఏదీ సరిగ్గా కనపడటం లేదు. నిద్ర చాలలేదేమో అనుకున్నాను. ముందురోజు రిసెప్షన్ ముగిసేసరికి పన్నెండు దాటింది మరి. జేబురుమాలు మడిచి కంటిమీద కట్టుకుని తలంబ్రాల దాకా లాక్కొచ్చాను. పెళ్ళివాళ్ళు కంట్లో ఏదో పడిందనుకున్నారు. అవి ఇంకా కరోనా మాస్కుల రోజులు కాబట్టి ముఖంలో మిగతా సగం ఎవరికీ కనపడలేదు. నాకూ తెలియలేదు.

తెలిసింది కాఫీ దగ్గర. మాస్కు కిందికి లాగి ఒక గుక్క తాగితే సగం కాఫీ ఎడమ పెదవి మూల నుంచి చొక్కా మీదికి కారింది. మా అసిస్టెంటు పిల్లోడు నా వైపు చూసి ఆగిపోయాడు.

"అన్నా, నీ మూతి ఏందన్నా అట్ల పోతాంది?"

ఫోన్ తీసి సెల్ఫీ కెమెరాలో చూసుకున్నాను. నోరు కుడివైపుకు గుంజుకుపోయి ఉంది. ఎడమకన్ను గుడ్లగూబ కన్ను మాదిరి తెరుచుకుని ఉంది. మా నాయన పక్షవాతంతో ఎనిమిదేళ్లు మంచంలో ఉన్నాడు. ఆ మాట తప్ప ఇంకేమీ తలలో మెదల్లేదు. రెండు చేతులూ పైకెత్తి చూసుకున్నాను. ఎడమచేత్తో ట్రైపాడ్ ఎత్తాను. లేచింది. అక్కడక్కడే నాలుగడుగులు నడిచాను. నడవగలుగుతున్నాను. అప్పుడు ఇదేంది?

ఆ రోజంతా వృథా చేసుకున్నాను. ఒప్పుకోవాల్సిందే. దగ్గర్లోని క్లినిక్కుకు పోతే "చలిగాలికి నరం పట్టేసింది, వారంలో పోతుందిలే" అని ఒక బలం సూది వేసి పంపించారు. ఇంట్లో అమ్మ ఆముదం గోరువెచ్చగా చేసి నా కుడి బుగ్గకు రుద్దింది. మూతి వంకర కుడివైపుకు కదా పోయింది, జబ్బు అక్కడే ఉందని ఆమె లెక్క. నా లెక్కా అదే. సాయంత్రానికి చుట్టాలు వచ్చి తలా ఒక మాట చెప్పారు. పావురం నెత్తురు పూయమన్నది ఒకరు. ఆకుమందు ఇచ్చే ఊరికి రేపే పోదాం, జీపు మాట్లాడతానన్నది ఇంకొకరు. పావురం సంగతి వద్దన్నాను. అది సైన్సు తెలిసి కాదు, వాసన తలచుకుని.

మరుసటి రోజు మధ్యాహ్నం మా చెల్లెలి కూతురు వీడియోకాల్ చేసింది. నర్సింగు చదువుతోంది. నా ముఖం చూడగానే "మామా, మాటలొద్దు. ఇప్పుడే పెద్దాసుపత్రికి పో. ఏమైనా కానీ 72 గంటల్లోపల మందు పడాల" అంది. పక్షవాతమైతే 72 గంటలు కాదు, నిమిషాలు లెక్కని ఆ పిల్లే తర్వాత చెప్పింది. నేను ఒక రోజు ఇంట్లో కూర్చున్నానని తెలిసి తిట్టింది కూడా.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి మొదట చేయమన్న పని, తల కదపకుండా పైన ఫ్యాను చూడమనడం. చూశాను. కుడివైపు నుదుటి మీద మూడు గీతలు పడ్డాయట. ఎడమవైపు ఒక్కటీ లేదు. ఆమె "మంచిదే" అంది. సగం నుదురు పడిపోతే మంచిదేమిటో నాకు అర్థం కాలేదు.

తర్వాత అర్థమయ్యేట్టు చెప్పింది. నుదుటికి మెదడులో రెండు సగాల నుంచీ ఆజ్ఞలు వస్తాయి. మెదడులో ఒకవైపు రక్తం ఆగి పక్షవాతం వస్తే రెండోవైపు ఆ పనిని మోస్తుంది కాబట్టి నోరు వంకరపోయినా నుదురు మామూలుగా ముడుచుకుంటుంది. నుదురు, కన్ను, నోరు మూడూ ఒకేవైపు పడిపోయాయంటే లోపం మెదడులో కాదు, మెదడు దాటి వచ్చిన నరంలో ఉందన్నమాట. అది ముఖ కండరాలను కదిలించే ఏడో కపాల నరం. చేతులు, కాళ్ళు, చూపు, మాట అన్నీ పరీక్ష చేశాకనే ఈ మాట చెప్పింది. చూడ్డానికి ఎక్కువ భయపెట్టేదే తక్కువ ప్రమాదం. ఇంట్లో అద్దం ముందు ఎవరూ తేల్చుకోగలిగిన సంగతి కాదిది.

ఆ నరం చెవి దగ్గరి కణత ఎముకలో ఒక సన్నటి ఎముక గొట్టం గుండా వస్తుంది. ఏ వైరస్ వల్లో నరం కొంచెం వాచినా ఎముక సాగదు కదా, లోపలే నలిగిపోతుంది. హెర్పిస్ వైరస్ మీద అనుమానం ఎక్కువ. షుగరు ఉన్నవాళ్ళకూ గర్భిణులకూ ఇది వచ్చే అవకాశం ఎక్కువట. స్కాట్లండు సర్జన్ చార్లెస్ బెల్ 1821లో ఈ నరం గురించి రాశాడని, ఆయన పేరు మీద దీన్ని బెల్స్ పాల్సీ అంటారని చెప్పింది. ఇంటికొచ్చి అమ్మకు చెబితే "బెల్లం తింటే వచ్చిందా నాయనా?" అని అడిగింది. జీలకర్రబెల్లం వేళకే వచ్చింది కాబట్టి కాదని గట్టిగా చెప్పలేకపోయాను. రక్తపరీక్షలో మూడు నెలల షుగరు సగటు 7.9 అని, అంటే నాకూ షుగరు ఉందని తేలాక అసలే చెప్పలేకపోయాను.

ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర పది రోజులు రాసింది. దానివల్ల షుగరు పెరుగుతుంది, అందుకు వేరే మాత్ర. స్కాట్లండులోనే జరిగి 2007లో అచ్చయిన పరిశీలనలో తొమ్మిది నెలలకు ఈ మందు వాడినవాళ్ళలో నూటికి 94 మందికి, వాడనివాళ్ళలో 82 మందికి ముఖం పూర్తిగా మామూలైందట. అయితే అందరికీ మూడు రోజుల్లోపే మొదలుపెట్టారు. నేను రెండో రోజు సాయంత్రం మొదటి మాత్ర మింగాను. మింగడం అంటే నీళ్ళు కారకుండా ఎడమ పెదవి మూలను వేలితో పట్టుకుని మింగడం.

ఆ రాత్రి గురించి చెప్పాలి. అన్నిటికంటే నన్ను ఏడిపించింది నోరు కాదు, కన్ను. కన్ను తెరిచే కండరం వేరు, మూసే కండరం వేరు. పైరెప్ప ఎత్తే కండరానికి మూడో నరం పని చెబుతుంది, అది బాగానే ఉంది. కంటిచుట్టూ ఉంగరం మాదిరి తిరిగి ఉండే ఆర్బిక్యులారిస్ ఆక్యులై అనేది మూస్తుంది, దానికి ఏడో నరం కావాలి. మా షాపు భాషలో చెప్పాలంటే, షట్టరు ఎత్తే మనిషి పనికి వచ్చాడు, దించే మనిషి సెలవు పెట్టాడు. డాక్టరమ్మ చుక్కలు, రాత్రికి ఆయింట్‌మెంటు, రెప్ప మూసి అతికించడానికి టేపు రాసిచ్చింది. కంటి తడి ఆరిపోతే నల్లగుడ్డు దెబ్బతింటుంది, ముఖం రేపు బాగైనా చూపు రాదని గట్టిగా హెచ్చరించింది.

మొదటి రాత్రి టేపు సరిగ్గా వేయడం రాలేదు. రెండు గంటలప్పుడు మా ఆవిడ భుజం పట్టి ఊపేసింది. దీపం వెలుతురులో నా ఎడమకన్ను తెరుచుకుని ఉందట, నల్లగుడ్డు పైకి పోయి తెల్లగుడ్డు మాత్రమే కనపడుతోందట. ఆమె ఏమనుకుందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. కాసేపు నా అరచెయ్యి పట్టుకుని కూర్చుంది. కన్ను మూయాలని చూసినప్పుడు గుడ్డు పైకి తిరగడం చాలామందికి ఉండేదే. రెప్ప మూసుకుంటుంది కాబట్టి ఎవరూ చూడరు. దానికీ బెల్ పేరే పెట్టారు. మరుసటి రోజు డాక్టరమ్మ చెబితే మా ఆవిడ "ఆ మాట ముందే చెప్పుండొచ్చు కదా మేడం" అంది. న్యాయమే.

కుడి బుగ్గకు ఆముదం రుద్దడం ఎందుకు తప్పో కూడా ఆ రోజే తెలిసింది. చేతి కండ ఎముకను లాగుతుంది. ముఖంలో కండరాలు చాలావరకు ఒక కొస ఎముకకు, రెండో కొస నేరుగా చర్మానికి అతుక్కుని ఉంటాయి. అవి లాగేది చర్మాన్నే. అందుకే ముఖం అన్ని రకాలుగా ముడతలు పడగలదు, మోచెయ్యి పడలేదు. మా స్టూడియోలో వెనక తెరను రెండువైపులా తాళ్ళతో బిగించి కడతాం. ఎడమతాడు ఊడితే తెర కుడివైపుకు జారుతుంది. తప్పు కుడితాడుది కాదు, అది తన పని తాను చేస్తోంది. నా మూతిని కుడివైపుకు గుంజింది జబ్బు కాదు, ఆరోగ్యం. అమ్మ పాపం నా మంచి బుగ్గకు వైద్యం చేసింది.

నలభై ఆరేళ్ళ ముఖంలో ఎడమ సగం ఇరవై ఆరేళ్ళదై కూర్చుంది. గీతలన్నీ మాయం. పెళ్లికూతుళ్ళ ఫోటోలకు నేను కంప్యూటర్‌లో గంటలు కూర్చుని చేసే పనిని ఆ నరం ఒక్క రాత్రిలో చేసి పెట్టింది.

నోటి సంగతులు విచిత్రంగా ఉండేవి. బడిలో తెలుగు అయ్యవారు ప, ఫ, బ, భ, మ ఓష్ఠ్యాలు, పెదవులు కలిస్తేనే పలుకుతాయని బెత్తం పట్టుకుని చెప్పేవారు. ముప్పై అయిదేళ్ళ తర్వాత నాకు బోధపడింది. నా బతుకుతెరువు మాటే పాస్‌పోర్టు ఫోటో. అది నా నోట్లో 'హాస్‌హోర్టు హోటో' అయింది. ఫోన్ ఎత్తడం మానేశాను.

ఉగ్గాని తింటే బొరుగులు ఎడమ దవడకూ బుగ్గకూ మధ్య ఇరుక్కుని అక్కడే ఉండిపోయేవి, వేలు పెట్టి తీయాల్సిందే. బుగ్గలోపల బక్సినేటర్ అనే పలుచటి కండరం ఉంది. తిండిని మళ్ళీ పళ్ళకిందికి నెట్టేది అది. లాటిన్‌లో ఆ పేరుకు బాకా ఊదేవాడు అని అర్థమట. ఎన్ని పెళ్ళిళ్ళలో నాదస్వరం వాయించేవాళ్ళ బుగ్గలను దగ్గరగా తీశానో! ఆ ఉబ్బిన బుగ్గను అణిచి గాలిని బయటికి తోసేది ఈ కండరమేనని తెలియకుండానే తీశాను.

రుచి కూడా పోయింది, నాలుక ముందు భాగంలో, ఎడమ సగం మాత్రమే. ఆ రుచిని మోసే సన్నటి తీగ ఏడో నరంలోనే కలిసి వస్తుంది. పప్పులో ఉప్పు లేదని మా ఆవిడతో గొడవ పడి, కుడివైపు నమిలితే సరిగ్గానే ఉండి నోరు మూసుకున్నాను. మూసుకున్నాను అనడం కూడా అబద్ధమే, అది మూతపడదు. కానీ ఎర్రకారం దోసె మాత్రం రెండువైపులా సమానంగా మండించింది. కారం రుచి కాదట, ఒక రకం నొప్పి. దాన్ని మోసేది అయిదో నరం. బుగ్గ మీద చెయ్యి పెడితే తెలిసేదీ ఆ నరం వల్లే, నమిలే కండరాలూ దానివే. అందుకే "చూయింగ్ గమ్ నములు, బాగైపోతుంది" అని ఊరంతా ఇచ్చిన సలహా దండగ. నమలడం నాకు ఎప్పుడూ పోలేదు.

ఎవరూ ఊహించనిది చెవి. గిన్నె కిందపడితే చెవిలో బాంబు పేలినట్టుండేది. మధ్యచెవిలో పెద్ద శబ్దాలను తగ్గించే ఒక కండరం ఉంది, పేరు స్టెపీడియస్. శరీరంలో ఎముకలను కదిలించే కండరాలన్నిటిలో అన్నిటికంటే చిన్నదట. దానికీ ఏడో నరమే దిక్కు. మాఘమాసం పెళ్ళిళ్ళ బ్యాండు మా వీధిలో పోతుంటే ఎడమచెవి అరచేత్తో మూసుకుని లోపలి గదిలో కూర్చున్నాను. ఆ పెళ్ళిళ్ళలో మూడు నేను ఒప్పుకున్నవే. వేరేవాళ్ళకు అప్పగించాను.

చేతిలో పనిలేక ఫోటోలు మొదలుపెట్టాను. రోజూ పొద్దున ఏడింటికి, అదే స్టూలు, అదే లైటు, మూడు ఫోటోలు: మామూలుగా, నవ్వుతూ, కళ్ళు మూసుకుని. 2009 అక్టోబరు వరదలో మా పాత షాపు మునిగినప్పుడు నెగెటివ్‌లు బురదలో నాని, ముఖాలు ఒకవైపు కరిగి కనపడేవి. తీసి పారేయలేక కొన్నింటిని ఇప్పటికీ దాచి ఉంచాను. నవ్వుతూ తీసుకున్న నా మొదటి ఫోటో చూసినప్పుడు అవే గుర్తొచ్చాయి.

మందు వాడకపోయినా నూటికి 85 మందికి మూడు వారాల్లోపు ఎంతోకొంత కదలిక కనపడుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఇరవై ఒకటో ఫోటో మొదటి ఫోటోలాగే ఉంది. మిగిలిన పదిహేను మందిలో నేనొకడిని. టెన్షన్ అప్పుడు మొదలైంది, అంతకుముందుది ఒట్టి భయం. నలిగిన నరం లోపల తెగిన పోగులు మళ్ళీ పెరగాలి, రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. కొలత టేపు తీసుకుని చెవి వెనక నుంచి పెదవి మూల దాకా కొలుచుకున్నాను. పది సెంటీమీటర్ల పైనే ఉంది. క్యాలెండరులో వంద రోజులు లెక్కపెట్టి పెన్నుతో సున్నా చుట్టాను.

ఫిజియోథెరపీ కుర్రాడు నాకంటే ఓపికమంతుడు. "సార్, బెలూన్లు ఊదొద్దు. గట్టిగా లాగొద్దు. అద్దం ముందు కూర్చుని, చిన్నగా, నిదానంగా, రెండువైపులా సమానంగా" అనేవాడు. బలవంతంగా చేస్తే పెరిగే పోగులు తప్పు కండరానికి పోయి అతుక్కోవచ్చు, వచ్చిన తప్పు అలవాటు ముదురుతుంది అనేవాడు. జైగోమాటికస్ మేజర్ అనే పేరు అతనే నేర్పాడు. చెంప ఎముక నుంచి పెదవి మూలకు ఏటవాలుగా దిగే పట్టీ అది. పెదవి మూలను పైకీ పక్కకూ లాగేది అదే. వేలు పెట్టి, అది ఉండాల్సిన దారి వెంబడి రోజూ రుద్దుకునేవాణ్ని.

అతని దగ్గరే ఇంకో సంగతి విన్నాను. ఫ్రాన్సులో డ్యూషెన్ అనే డాక్టరు ముఖంలో ఒక్కొక్క కండరానికి కరెంటు పెట్టి, అది కదిలినప్పుడు ఫోటోలు తీయించాడట, 1862లో అచ్చువేశాడట. పెదవి మూల పైకి లేవడం మనం అనుకుంటే జరుగుతుంది, నిజంగా సంతోషం కలిగినప్పుడు మాత్రం కంటిచుట్టూ కండరం కూడా బిగిసి కింది రెప్ప ఉబ్బుతుంది, అది అడిగితే వచ్చేది కాదు అన్నాడట. ఈ మాట నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పెళ్లి స్టేజీ మీద వెయ్యి మంది పెదాలు చూశాను. "కొంచెం నవ్వండి సార్" అంటే పళ్ళు కనపడతాయి, కళ్ళు మాత్రం భోజనాల దగ్గరే ఉంటాయి. ఇరవై రెండేళ్లు నేను అడిగింది సగం కండరాలనే.

షాపుకు పోయి కూర్చోవడం మార్చిలో మొదలుపెట్టాను, నల్లద్దాలతో, మాస్కుతో. ఒక రోజు బడి ఐడీ కార్డుకు ఫోటో కోసం ఏడేళ్ళ పాప వచ్చింది. ఉక్కగా ఉండి మాస్కు తీసి, మరిచిపోయి "నవ్వమ్మా" అన్నాను. ఆ పిల్ల నన్నే చూసి "నువ్వు ముందు సరిగ్గా నవ్వు అంకుల్" అంది. వాళ్ళమ్మ సిగ్గుపడి పిల్ల నెత్తిన మొట్టింది. నేను మాత్రం ఆ పూట ఇంటికి వెళ్ళేదాకా బాగానే ఉన్నాను, ఇంటికెళ్ళాక ఉండలేకపోయాను.

ఉగాది నాటికి యాభై రోజులు దాటాయి. పచ్చడిలో వేపపువ్వు చేదు ఎడమవైపు తగిలింది. స్పూను మళ్ళీ ఎడమవైపే పెట్టుకున్నాను. చేదు. అమ్మకు చెబితే "పండగ పూట చేదుకు అంత సంబరమేందిరా" అంది. డాక్టరమ్మ మాత్రం రుచి తిరిగిరావడం మంచి గుర్తని చాలా సంతోషపడింది. చెవి కూడా ఆ వారంలోనే సర్దుకుంది.

అరవై ఎనిమిదో రోజు. నవ్వుతూ తీసిన ఫోటోలో ఏమీ కనపడలేదు. పెద్దది చేసి, అరవై ఏడో ఫోటో పక్కన పెట్టి చూస్తే ఎడమ ముక్కు పక్క గీత మీద నీడ ఒక వెంట్రుకవాసి ముదిరింది. లైటు జరిగిందేమో అని మళ్ళీ తీశాను. మళ్ళీ ఉంది. అసిస్టెంటును పిలిచి చూపించాను. "ఏముందన్నా దీంట్లో?" అన్నాడు. వాడికి ఇంకా కన్ను కుదరలేదు. ఆరోజు కదిలింది ఒక్క నీడ. వారానికి పెదవి మూల. నెల తిరిగేసరికి కళ్ళుమూసుకుని తీసిన ఫోటోలో తెల్లగుడ్డు సన్నటి గీతగా మిగిలింది. జూన్ రెండో వారంలో టేపు లేకుండా పడుకున్నాను. ఆ రాత్రి మా ఆవిడ రెండుసార్లు లేచి చూసిందట.

ఇప్పుడు నన్ను కొత్తగా చూసేవాళ్ళకు ఏమీ తెలియదు. తెలిసినవాళ్ళకు కూడా నేను అలిసిపోయినప్పుడే తెలుస్తుంది. షుగరు మాత్ర మాత్రం రోజూ ఉంది. ఒక లోపం మిగిలింది. ఫిజియోథెరపీ కుర్రాడు భయపడినట్టే కొన్ని పోగులు దారి తప్పాయి. కంటికి పోవాల్సినవి పెదవికి పోయి అతుక్కున్నాయి. దీన్ని సింకైనేసిస్ అంటారు. ఎడమకన్ను మూసిన ప్రతిసారీ ఎడమ పెదవి మూల నా అనుమతి లేకుండా పైకి లేస్తుంది. తగ్గించడానికి అద్దం ముందు ఇంకా కూర్చుంటూనే ఉన్నాను.

మొన్న నంద్యాల రోడ్డులో ఒక పెళ్ళిలో గ్రూప్ ఫోటో. వెనక వరసలో ఒక ముసలాయన మొదట్నుంచీ ముఖం గంటు పెట్టుకుని నిల్చున్నాడు, వాళ్ళవాళ్ళు ఎంత చెప్పినా వినలేదు. నేను ఏమీ అనకుండా కెమెరా ఎత్తి, ఎడమకన్ను మూసి, వ్యూఫైండర్‌లో చూశాను. ఆయన నా మూతిని చూస్తున్నాడు. నేను తనను చూసి నవ్వుతున్నాననుకున్నాడు. కింది రెప్పలు ఉబ్బాయి. నొక్కేశాను.